రేపట్నుంచి రావద్దు

ఆ బావకి ఉన్న గుణం ఒక్కటే. కనపడ్డ ప్రతి ప్రాణినీ పనిలోంచి తీసేస్తాడు. కాయలు కోసేవాళ్ళని తీసేస్తాడు, కట్టుకున్న పెళ్ళాన్ని తీసేస్తాడు, తేనెటీగల్ని తీసేస్తాడు. చేతిలో ఉన్నది ముచ్చటగా మూడెకరాల ఆపిల్ తోట, అదీ కౌలుకి తీసుకున్నది. మందు చుక్క పడనివ్వని సేంద్రియ తోట కాబట్టి కాసేవి తక్కువ, పురుగులు తినేవి ఎక్కువ. ఈ మాత్రం రాజ్యానికి ఆయన రోజూ సాయంత్రం అయిదింటికి అందరికీ ఉద్వాసన పలికితే తప్ప అన్నం ముట్టడు.

పెళ్ళిళ్ళలో తప్ప బావని చూడని మరదలికి ఈ సంగతి ముందు తెలియదు. మరదలంటే ఆయన భార్యకి సొంత చెల్లెలు. చెప్పుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజరు. పనివాళ్ళని ప్రోత్సహించడం ఎలా అనే విషయం మీద మూడు రోజుల శిక్షణ పొంది, సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించుకున్న మనిషి. కాయల కోతల రోజులకి సాయం రమ్మని అక్క ఫోన్ చేస్తే, నెల రోజులు సెలవు పెట్టి, ఫ్రేముతో సహా వచ్చింది.

వచ్చిన పది నిమిషాలకే తోటలోకి దిగి, కింద పడి ఉన్న ఆపిల్ ఒకటి తీసి, చీర కొంగుతో తుడిచి, దగ్గరున్న బుట్టలో వేసింది. చెట్టు వెనక నుంచి బావ ఊడిపడ్డాడు.

"కింద పడ్డదాన్ని బుట్టలో వేశావా?"

"శుభ్రంగానే ఉంది బావగారూ."

"అంత శుభ్రమైనదైతే కింద ఎందుకు పడింది? అది లోపల నలిగి ఉంటుంది. బుట్టలో మిగతావాటిని కూడా కుళ్ళబెడుతుంది. రేపట్నుంచి నువ్వు రావద్దు."

"నేనిప్పుడే కదా వచ్చాను!"

"అదే చెప్తున్నా. పది నిమిషాలకే ఇంత నష్టం."

మరదలు ఉక్రోషంతో ఇంట్లోకి వెళ్ళి పెట్టె సర్దుకోబోయింది. అక్క వంటింట్లోంచి తల బయటపెట్టి, "నన్ను పెళ్ళయిన రెండో వారంలో తీసేశారు. ఇరవై రెండేళ్ళయింది. కాఫీ తాగు," అంది. చెల్లెలు కాఫీ తాగింది. కానీ ఆ పూటే ఈ మనిషి మీద ఒక నిర్ణయానికి వచ్చేసింది. ముక్కు మీద కోపం, నోటి నిండా దురుసు, మెదడు మాత్రం సెలవులో ఉంది అని.

తరవాత వారం రోజులూ ఆ నిర్ణయం గట్టిపడుతూనే వచ్చింది. మూడో వరసలో ఒక ముసలి చెట్టుంది. దాని మెడలో రేకు బిళ్ళ వేలాడుతూ ఉంటుంది. దాని మీద "ఈ చలికాలం నరికివేయబడును" అని బావ స్వహస్తాలతో రాశాడు. ఆ బిళ్ళ కట్టి తొమ్మిది చలికాలాలు గడిచిపోయాయి. తేనెటీగలు తన పూలు వదిలి పక్కవాడి ఆవచేలోకి వెళ్ళాయని ఒక ఏడాది గూడు ముందు నిలబడి, "తిండి ఇక్కడా, పని అక్కడానా? రేపట్నుంచి రావద్దు!" అని అరిచాడట. అవి రెండు కుట్టి పంపించాయట. ఈ సంగతి అక్కే చెప్పింది, కాస్త గర్వంగా కూడా చెప్పింది.

మరదలు కళ్ళారా చూసింది మాత్రం తనిఖీ అధికారిణి సంగతి. తోట నిజంగా సేంద్రియమేనా అని ఏడాదికోసారి వచ్చి చూసి సర్టిఫికెట్ ఇచ్చే ఆవిడ. ఆవిడ సంతకం పెట్టకపోతే ఈయన కాయలకీ బజారు కాయలకీ తేడా లేదు. అలాంటి ఆవిడ చెట్టు కింద నిలబడి ఏదో రాసుకుంటుంటే బావ గయ్యిమన్నాడు.

"పెన్నుకి మూత లేకుండా చెట్టు కింద నిలబడతారా? సిరా చుక్క పడితే నా నేలలో రసాయనం చేరదా? రేపట్నుంచి మీరు రావద్దు!"

"నేను ఏడాదికి ఒక్కసారే వస్తానండీ."

"అయితే వచ్చే ఏడాది నుంచి రావద్దు."

మరదలికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ మాత్రం పెన్ను మూత పెట్టుకుని, నవ్వుకుంటూ సంతకం పెట్టి వెళ్ళిపోయింది. ఈ ప్రాంతంలో అందరికీ మతి చలించిందని మరదలు అనుకుంది.

కాయలు కోసేవాళ్ళు ఆరుగురు. వాళ్ళలో నోరున్నది లారీ డ్రైవర్ భార్య. నోరు లేనిది నిచ్చెన పెద్దాయన. డెబ్భై ఏళ్ళు దాటాయి, గళ్ళ టోపీ తియ్యడు, మాట అడిగితే గానీ పలకడు. సాయంత్రం అయిదవగానే ఆరుగురూ షెడ్డు ముందు వరసగా నిలబడతారు. బావ ఒక్కొక్కరి ముందుకీ వచ్చి ఆ రోజు నేరాలు చదువుతాడు.

"నువ్వు! అరచేయి కింద పెట్టి, పైకెత్తి, మెలితిప్పాలని ఎన్నిసార్లు చెప్పాను? గుంజుతావా? పక్కన మొగ్గ విరిగింది. అది వచ్చే ఏడాది కాయ. రేపట్నుంచి రావద్దు. నువ్వు! కాడ ఊడగొట్టావు. రావద్దు. పెద్దాయనా, నిచ్చెన ఇలాగేనా ఆనించేది, కొమ్మకి గీత పడింది. రావద్దు. ఏమమ్మా, కాయలతో కబుర్లు చెప్తున్నావా, కోస్తున్నావా? నువ్వసలే రావద్దు."

ఆరుగురూ తలలూపి, చేతులు కడుక్కుని, ఇళ్ళకి పోతారు. మర్నాడు పొద్దున్న ఏడింటికల్లా ఆరుగురూ గేటు దగ్గర ఉంటారు. ఇంత పౌరుషం లేని మనుషుల్ని మరదలు చెప్పుల ఫ్యాక్టరీలో కూడా చూడలేదు.

ఇలా ఊరికే వెక్కిరించుకుంటూ కూర్చునే ఏడాది కాదది. తోట కౌలు ఆ నెలతో ముగుస్తోంది. స్థలం యజమాని చెట్లు పీకించి, గోదాములు కట్టేవాళ్ళకి ఇచ్చేద్దామని చూస్తున్నాడు. కాయలు క్రమం తప్పకుండా కొనే పెద్ద కంపెనీ ఏదైనా దొరికితే కౌలు పొడిగిస్తానని చివరికి ఒక మాట అన్నాడు. అక్క కాళ్ళరిగేలా తిరిగి ఒక దుకాణాల కంపెనీని పట్టుకుంది. వాళ్ళు పెట్టిన షరతు ఒకటే. శనివారం పొద్దున్న వాళ్ళ లారీ వచ్చేసరికి రెండు వందల పెట్టెలు సిద్ధంగా ఉండాలి. ఉంటే ఇకపై ప్రతి సీజన్‌లోనూ వారం వారం సరుకు వాళ్ళే కొంటారు. లేకపోతే తోట గోదాముల పాలే.

అందుకే మరదలు నడుం బిగించింది. షెడ్డులో బల్ల వేసి, ఎవరి బుట్టలో ఎలాంటి కాయలున్నాయో తెలియాలని బుట్టలకి ఒకటి నుంచి ఏడు దాకా అంకెల చీటీలు కట్టింది. బావ కూడా కోస్తాడు కాబట్టి ఆయనదీ కలిపితే ఏడు. మొదటి రోజే తేలిపోయింది. ఏడో బుట్టలో సగం పచ్చికాయలు. ఏడో బుట్ట నిచ్చెన పెద్దాయనది.

"బావగారూ, ఏడో బుట్ట చూశారా?"

బావ ఏడో బుట్ట ఎత్తి, మరదలు కళ్ళెదుటే, బల్ల మీద కుమ్మరించి, మిగతా ఆరూ దాని మీదే పోసేశాడు. చీటీలు పీకి జేబులో కుక్కుకున్నాడు.

"అయ్యో, ఇప్పుడు ఎవరివి ఏవో ఎలా తెలుస్తుంది?"

"ఎవరివైతేనేం, అందరివీ చెత్తే. ఏరుకోవడం నేను చూసుకుంటా. నీ చీటీల్ని తీసేశాను. నిన్ను కూడా."

ఆ కుప్ప ముందు కూర్చుని, చీకటి పడేదాకా ఒక్కడే గొణుక్కుంటూ కాయలు ఏరాడు. వట్టి మూర్ఖుడు అనుకుంది మరదలు. బుట్టలోనే ఏరితే అయిపోయే పనికి కుప్ప పోయించుకునేవాణ్ణి ఏమనాలి? మర్నాడు మళ్ళీ చీటీలు కట్టింది. ఆయన మళ్ళీ పీకాడు.

గురువారం నాడు కాగితాల మీద సంతకాలకి కంపెనీ ఆఫీసుకి బావ వెళ్ళాల్సొచ్చింది. మర్నాడు పొద్దున్నగానీ రాడు. వెళ్తూ వెళ్తూ అక్కనీ, మరదల్నీ, బస్సు ఆలస్యం చేసినందుకు కండక్టర్నీ తీసేసి వెళ్ళాడు. మరదలికి పండగే అయింది. పనివాళ్ళని మనుషుల్లా చూడడం అంటే ఏమిటో ఈ తోటకి ఇవాళ తెలియాలి అనుకుంది.

మధ్యాహ్నం ఏడో బుట్ట రాగానే చూసింది. మళ్ళీ పచ్చికాయలే. కసురుకోలేదు. నిచ్చెన దగ్గరికి వెళ్ళి, అందరూ చూస్తుండగా పెద్దాయన చెయ్యి పట్టుకుని, శిక్షణలో నేర్పిన మెత్తటి గొంతుతో మాట్లాడింది.

"మీరింక నిచ్చెన ఎక్కకండి. ఈ వయసులో మీ కళ్ళకి శ్రమెందుకు చెప్పండి? నీడన కూర్చుని పెట్టెల మీద కాగితాలు అంటించండి. ఇన్నేళ్ళు ఎంత చక్కగా పనిచేశారో!"

పెద్దాయన నిచ్చెనని చెట్టుకే ఆనించి వదిలేశాడు. మెడలో ఉన్న కాయల సంచీ తీసి, నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద పెట్టాడు. ఎంత క్రమశిక్షణ అని మరదలు మురిసిపోయింది.

అయిదింటికి అందరూ అలవాటుగా వరసలో నిలబడ్డారు. మరదలు టీ ఇచ్చింది. బిస్కట్లు ఇచ్చింది. చప్పట్లు కొట్టింది.

"ఇవాళ అందరూ చాలా బాగా పనిచేశారు! మీలాంటివాళ్ళు దొరకడం మా అదృష్టం!"

లారీ డ్రైవర్ భార్య చేతిలో టీ గ్లాసు సగంలో ఆగిపోయింది.

"మా వల్ల ఏమన్నా పొరపాటు జరిగిందా మేడం?"

"అబ్బే, ఒక్క పొరపాటు కూడా లేదు!"

ఆరుగురూ మొహమొహాలు చూసుకున్నారు. గ్లాసులు బల్ల మీద పెట్టేశారు. బిస్కట్లు ఒక్కరూ ముట్టలేదు. కృతజ్ఞతతో నోట మాట రావడం లేదు పాపం అనుకుంది మరదలు.

శుక్రవారం పొద్దున్న ఏడయింది, ఎనిమిదయింది, గేటు దగ్గర పిట్ట లేదు. తయారైన పెట్టెలు నూట అరవై. ఇంకా నలభైకి సరిపడా కాయలు చెట్ల మీదే ఉన్నాయి. ఎనిమిదిన్నరకి బావ వచ్చాడు.

"ఏరీ వీళ్ళంతా?"

"రాలేదు బావగారూ."

"నిన్న ఏమన్నావు వాళ్ళని?"

"ఒక్క మాట అనలేదు! మెచ్చుకున్నాను."

"ఏంటీ?"

"అందరూ బాగా పనిచేశారని..."

బావ బోర్లించిన ఆపిల్ పెట్టె మీద చతికిలబడ్డాడు. పెట్టె మీద కూర్చున్నవాళ్ళని ఆయన అప్పటికి నలభై సార్లు తీసేసి ఉంటాడు.

"టీ కూడా ఇచ్చావా?" అన్నాడు నీరసంగా.

"బిస్కట్లు కూడా."

"నా కొంప ముంచావు కదే."

అక్క వచ్చి విషయం చెప్పింది. ఆరేళ్ళ క్రితం ఒకడు, కలుపు పీకడానికి బద్ధకించి, దొంగచాటుగా కలుపు మందు కొట్టాడట. దాని వల్ల ఒక వరస చెట్లకి మూడేళ్ళపాటు సేంద్రియం అన్న పేరు పోయింది. బావ వాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. కూర్చోబెట్టి టీ ఇచ్చి, "చాలా బాగా పనిచేశావు నాయనా, వెళ్ళిరా," అన్నాడు. ఆయన నోటి వెంట మెచ్చుకోలు వచ్చింది ఆ ఒక్కసారే. ఆ రోజు నుంచీ ఈ తోటలో బాగా చేశావంటే గేటు అటుందని అర్థం. రావద్దంటే ఏడింటికి రమ్మని అర్థం.

"ఇది నాకు ముందే చెప్పొచ్చు కదా!" అంది మరదలు.

"నువ్వు ఇంకొకళ్ళని మెచ్చుకుంటావని ఎవరనుకున్నారే," అంది అక్క.

బావా మరదలూ వ్యాన్ వేసుకుని బయల్దేరారు. మొదట లారీ డ్రైవర్ భార్య ఇల్లు. బావ దిగీ దిగగానే ఒంటికాలి మీద లేచాడు.

"తొమ్మిదయింది! కాయలు మీ తాతొచ్చి కోస్తాడా? సిగ్గులేదూ? రేపట్నుంచి రావద్దు!"

ఆవిడ మొహం వెలిగిపోయింది. చేతిలో చీపురు అవతల పారేసింది. మళ్ళీ ఏదో గుర్తొచ్చి ఆగింది.

"వస్తాం సారూ, అందరం వస్తాం. కానీ పెద్దాయన వస్తేనే. ఆయన లేకపోతే మేమెందుకు? మీ తిట్లు తినడం మాకేమన్నా సరదానా?"

"తిట్లకీ ఆయనకీ ఏం సంబంధం?" అంది మరదలు.

బావ హఠాత్తుగా వ్యాన్ టైరు పరీక్షించడం మొదలుపెట్టాడు. డ్రైవర్ భార్య గొంతు తగ్గించింది.

"ఆయనకి చూపు తగ్గి నాలుగేళ్ళయింది మేడం. ఆపరేషన్‌తో బాగయ్యేది కాదట. ఎర్రకాయకీ పచ్చకాయకీ తేడా తెలియదు, చేత్తో తడిమి కోస్తాడు. ఎవరికీ తెలియదనుకుంటున్నాడు. అంతకుముందు సారు తప్పు చేసినవాళ్ళనే తీసేసేవారు. ఇప్పుడు ఆయన ఒక్కణ్ణీ అంటే సిగ్గుతో మానేస్తాడు. ఆయన్ని వదిలేసి మమ్మల్ని అంటే, జాలిపడుతున్నారని ఇంకా మానేస్తాడు. అందుకని రోజూ అందర్నీ కలిపి తీసేస్తున్నారు. బుట్టలు కూడా అందుకే కలిపేస్తారు."

"అదేం లేదు," అన్నాడు బావ టైరు దగ్గర్నుంచి. "వీళ్ళకి నిజంగానే పని రాదు."

మరదలికి నిన్నటి సంగతి గుర్తొచ్చింది. నిన్న చెయ్యి పట్టుకుని, మీ కళ్ళకి శ్రమెందుకు అని అందరి ముందూ అన్నది తనే. నాలుగేళ్ళుగా అందరూ కలిసి దాచిన సంగతిని, సర్టిఫికెట్ ఉన్న మెత్తటి గొంతుతో బయటపెట్టింది తనే. ఆవిడకి జీవితంలో మొదటిసారి ఆ ఫ్రేము నేలకేసి కొట్టాలనిపించింది.

"ఇంతకీ ఆయన మీకు ఏమవుతాడు బావగారూ?" అంది వ్యాన్‌లో.

"ఏమవుతాడేంటి, ఏమీ కాడు. నేను బస్సు డిపోలో గుమాస్తా ఉద్యోగం మానేసి వచ్చినప్పుడు నాకు వేపచెట్టుకీ ఆపిల్ చెట్టుకీ తేడా తెలియదు. సగం చెట్లకి అంటు కట్టింది ఆయనే. నా చేతికి కత్తి ఇచ్చి నేర్పించాడు. మొదటి ఏడాది రోజుకి రెండుసార్లు నన్ను తోటలోంచి పొమ్మనేవాడు. నా తోటలోంచి నన్నే!"

పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడు వినగానే తల తిప్పాడు.

"అబ్బాయ్, నువ్వెందుకొచ్చావు? ఈ అమ్మాయి నిన్న మర్యాదగానే చెప్పి పంపించింది. నాకూ అర్థమైంది."

బావ నోరు తెరిచాడు. "పెద్దాయనా, నువ్వు నిన్న..." అన్నాడు. అంతే, అక్కడే ఆగిపోయాడు. చెట్లనీ తేనెటీగల్నీ అధికారుల్నీ గడగడలాడించిన నోరు అది. దానికి ఒక్క తిట్టు దొరకలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, ఈసారి దగ్గొచ్చింది. అక్కడ తోటా కౌలూ లారీ అన్నీ ఆగిపోయి ఉన్నాయి, ఈ మహానుభావుడు దగ్గుతున్నాడు. మరదలు ముందుకొచ్చి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏమండీ పెద్దాయన గారూ! మీకసలు బుద్ధుందా అండీ? కాయల సంచీ ఎవరైనా నాలుగు మడతలు పెడతారా? మడతల దగ్గర గట్టిపడి, కాయ నలగదా? నిచ్చెన చెట్టుకే వదిలేసి వస్తారా? రాత్రి మంచుకి చెక్క ఉబ్బదా? ఇంత వయసొచ్చింది, ఇంత... ఇంత నిర్లక్ష్యమా అండీ? మిమ్మల్ని తీసేస్తున్నాను! రేపట్నుంచి మీరు రావద్దండీ!"

ఆఖరి మాట దగ్గర ఆవిడకి ఏడుపు వచ్చేసింది. పెద్దాయన తల పక్కకి వాల్చి చివరిదాకా విన్నాడు. టోపీ సవరించుకుని, గోడ పట్టుకుని లేచాడు.

"ఇదీ ఒక తిట్టేనా? అండీ అండీ అంటూ తిడతారా ఎవరైనా? మధ్యలో ఏడుపొకటి. నీకీ పని చేతకాదు తల్లీ. రేపట్నుంచి నువ్వు రావద్దు."

వెళ్ళి వ్యాన్‌లో ముందు సీట్లో, మరదలి చోట్లో కూర్చున్నాడు. మరదలు వెనక ఖాళీ బుట్టల మధ్య కూర్చుని, దారి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఉద్యోగం ఊడినందుకు అంత సంతోషపడ్డ మనిషిని బావ ఎన్నడూ చూసి ఉండడు.

పదిన్నరకల్లా ఆరుగురూ చెట్ల మీద ఉన్నారు. అక్క కూడా పొయ్యి ఆర్పేసి వచ్చి కోసింది. పెద్దాయన కోసిన బుట్టని ఈసారి మరదలే తీసుకెళ్ళి కుప్పలో పోసి, చీటీలన్నీ చింపి పారేసింది. అయిదింటికి బావ ప్రతి ఒక్కరినీ పేరు పేరునా తీసేశాడు. శనివారం పొద్దున్న లారీ రెండు వందల పెట్టెలూ ఎత్తుకుని వెళ్ళింది.

సోమవారం ఉదయం కంపెనీలో కొనుగోళ్ళ అధికారి ఫోన్ చేశాడు. బావ ఫోన్ స్పీకరులో పెట్టాడు. అక్కా చెల్లెళ్ళు పనులు వదిలేసి వచ్చి నిలబడ్డారు.

"మీ ఆపిల్స్ అద్భుతంగా ఉన్నాయండీ," అన్నాడు అధికారి. "మా వాళ్ళంతా ఒకటే మెచ్చుకోవడం. చాలా బాగా చేశారు."

బావ మొహం పాలిపోయింది. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "అయిపోయిందే. మనల్ని తీసేశారు," అన్నాడు.

"బావగారూ, వాళ్ళు బయటివాళ్ళు. నిజంగానే మెచ్చుకుంటున్నారు."

"అందరూ ఇలాగే మొదలుపెడతారు. ఇంక టీ ఒక్కటే తక్కువ."

ఫోన్‌లో అధికారి గొంతు సవరించుకున్నాడు. "కాకపోతే ఒక మాటండీ. పద్దెనిమిదో పెట్టెలో అడుగున తొమ్మిది పచ్చికాయలు పెట్టారు. ఇదేం పనండీ? ఇలాగైతే ఎలా? మీ దగ్గర రంగు చూసేవాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరా?"

బావ మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, హాయిగా కాలు మీద కాలు వేసుకున్నాడు.

"లేరండీ," అన్నాడు. "వచ్చే వారం లారీ ఎన్నింటికి పంపిస్తున్నారు?"